గీత పెట్టని ఇరుసు

బూర్గంపాడు అడ్డరోడ్డులో మన్సూర్ లేత్ షాపుకి బోర్డు లేదు. ఇన్ని గంటలకు తీస్తారు, ఇన్ని గంటలకు మూస్తారు అన్న నియమం అంతకంటే లేదు. ఉన్నదల్లా ఒక్కటే చట్టం. ఏ వస్తువునైనా విప్పేముందు గీత పెట్టాలి. రెండు ముక్కలు కలిసేచోట, ఈ ముక్క మీంచి ఆ ముక్క మీదికి, ఉక్కు సూదితో సన్నటి గీత ఒకటి గీకాలి. తిరిగి బిగించేటప్పుడు ఈ గీతా ఆ గీతా కలిశాయంటే వస్తువు తన చోటికి తాను చేరినట్టు. కలవలేదంటే మన్సూర్ నోటికి పని పడినట్టు. జామాయిల్ కట్టె తోలే లారీ డ్రైవర్లకీ, ట్రాక్టర్ల వాళ్ళకీ, అడవి ఊళ్ళ నుంచి బోరు మోటార్లు మోసుకొచ్చే కోయవాళ్ళకీ ఆ నోటి సంగతి బాగా తెలుసు.

"గీత పెట్టకుండ విప్పెటోడు దొంగన్న కావాలె, పిచ్చోడన్న కావాలె" అనేవాడు.

అంతటి మన్సూర్ అరవై దాటాక ఒక ఇరుసును గీత పెట్టకుండా విప్పాడు. అతను దొంగ కాదు. పిచ్చివాడు అంతకన్నా కాదు. మంచికి పోయి విప్పాడు. మంచికి పోతే చెడు ఎదురవుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ ఇరుసు ఒక బొమ్మ ఇంజనుది. బొమ్మ అంటే జాతరలో దొరికే తగరపు బొమ్మ కాదు. మూరెడుకు పైగా పొడవు, ఇద్దరు పట్టి ఎత్తాల్సినంత బరువు. నిప్పు వేస్తే ఆవిరి కట్టి, పట్టాల మీద మనిషిని కూర్చోబెట్టుకుని లాగగల అసలు సిసలు రైలింజను, కాకపోతే చిన్నది. దాన్ని మొదలుపెట్టింది ఉదయశ్రీ.

ఉదయశ్రీ తండ్రి వెంకటరామారావుది మధిర. చిన్నప్పుడు వాళ్ళ ఇల్లు రైలు కట్టను ఆనుకుని ఉండేది. బొగ్గు ఇంజన్లు నీళ్ళు తాగుతూ బుసకొడుతుంటే, అన్నం తినడం కూడా మరిచి చూసేవాడట. పెద్దయ్యాక గోదావరి ఒడ్డున మిరపకు మంచి భూమి దొరుకుతుందని బూర్గంపాడు వచ్చి స్థిరపడ్డాడు. భూమి దొరికింది, పంట దొరికింది, రైలు కూత మాత్రం దొరకలేదు. ఆ లోటు తీర్చుకోవడానికి ఒక్కగానొక్క కూతురిని ఒళ్ళో పడుకోబెట్టుకుని తానే కూత కూసేవాడు. జోలపాట రాని తండ్రికి అదే జోలపాట.

ఆ పిల్ల పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివింది. చదువైన ఏడాది ఇంటికొచ్చి, "నాన్నా, నీకో ఇంజను చేసి పెడతాను" అంది. తండ్రి నవ్వాడు. తల్లి సీతారావమ్మ నవ్వలేదు. "ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెదొక దారి" అని సణుక్కుంటూనే, ఇనుప మురికి అంటినా పరవాలేదని పాత చుడీదార్లు నాలుగు తీసి విడిగా పెట్టింది.

మన్సూర్ ఆమెను చూసి రెండు రోజుల ముచ్చట అనుకున్నాడు. ఒక ఇనుప ముక్కా, ఒక ఆకురాయీ చేతికిచ్చి, "దీన్ని ఆరు దిక్కుల మట్టంగ అరగదియ్యి, తల్లీ. అయినంక మాట్లాడుదం" అన్నాడు. సాయంత్రానికి పిల్ల అరచేతులు బొబ్బలెక్కాయి. మర్నాడు చేతులకు గుడ్డ చుట్టుకుని వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ముక్క మట్టానికి వచ్చేసరికి మన్సూర్ మనసు కూడా మట్టానికి వచ్చింది. పిల్లలు లేని మనిషి. అప్పటి నుంచి ఆమె "చాచా" అని పిలిస్తే లేత్ మిషను ఆపి మరీ పలికేవాడు.

గీత చట్టం ఆమెకు ఎంతగా పట్టిందంటే, ఇంట్లో వస్తువులన్నిటికీ గీతలు పడ్డాయి. కుక్కరు పిడికి గీత. ఫ్యాను రెక్కలకు గీత. నాన్న కూర్చునే కుర్చీ కాలు ఊగుతుంటే విప్పి బిగించింది, దానికీ గీత. "రేపు నన్ను కూడా గీత పెట్టి విప్పుతావేమే" అని సీతారావమ్మ కేకలేసేది.

ఇంజనుకు చట్రం కోసింది. చక్రాలకు పోత పోయించుకొచ్చి లేత్ మీద తానే తిప్పుకుంది. ఆరు చక్రాలు, మూడు ఇరుసులు. ఇక్కడే అసలు చిక్కు. ఇరుసుకు ఇటూ అటూ ఉన్న రెండు చక్రాలకూ, కడ్డీ తగిలించడానికి, చెరో పిన్ను ఉంటుంది. కుడి చక్రం పిన్ను నెత్తిన ఉన్నప్పుడు ఎడమ చక్రం పిన్ను సరిగ్గా ముందువైపు ఉండాలి, మూలమట్టం పెట్టి చూసినట్టు. మూడు ఇరుసులకూ అదే లెక్క. ఒక్కదాంట్లో వెంట్రుకవాసి తేడా వచ్చినా చక్రాలన్నిటినీ కలిపే కడ్డీ చుట్టుకోసారి బిగుసుకుంటుంది. పైగా చక్రాన్ని ఇరుసు మీదికి ప్రెస్సుతో గట్టిగా నొక్కి ఎక్కిస్తారు కాబట్టి, ఎక్కించాక అటూ ఇటూ సర్దే వీలుండదు.

ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఇద్దరూ కలిసి ఎక్కించారు. నడిమి ఇరుసు నాటికి శుక్రవారమైంది. "నేను నమాజుకు పోయొస్త, జర ఆగు" అని చెప్పి మన్సూర్ మసీదుకు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఉదయశ్రీ ఆ పని ఒక్కతే ముగించి, ప్రెస్సుకు తల ఆనించి నిలబడి ఉంది.

"అయిపోయింది చాచా. తల పగిలిపోతోంది, ఇంటికి పోతా."

"ఏంది, మొఖం గట్ల గుంజుకుపోయింది? చాయ్ తాగి పో."

చాయ్ తాగలేదు. మిషను తుడిచి, సూదిని దాని చోట పెట్టి వెళ్ళిపోయింది. అది వానాకాలం, ఇంటింటా జ్వరాలు. భద్రాచలం దవాఖానాలో చూపించారు, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని ఖమ్మం తీసుకుపోయారు. ఖమ్మం నుంచి ఉదయశ్రీ నడిచి రాలేదు.

కర్మకాండలన్నీ అయ్యాక ఒకరోజు వెంకటరామారావు షాపుకు వచ్చాడు. గడ్డం మాసి, చొక్కా గుండీలు పైదొకటి కిందదొకటి పెట్టుకుని ఉన్నాడు. బల్ల కింద గోనెపట్టా కప్పి ఉన్న చట్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"మన్సూర్, ఇది నడవాలి."

"అవ్, రావుగారు. నడిపిస్త."

"మిగతాదంతా నువ్వే చెయ్యి. నాకేం తెలీదు. కానీ మా అమ్మాయి చేత్తో బిగించింది మాత్రం ఏదీ విప్పొద్దు. ఒక్క మేకు కూడా."

ఆ మాటకు మన్సూర్ తల ఊపాడు. అలాంటి మాట అడిగే తండ్రికి కాదని చెప్పేంత గుండె ఎవరికుంటుంది?

ఆ తరవాత కొన్ని నెలలపాటు చేతిలో పని ముగియగానే ఇంజను ముందు కూర్చునేవాడు. ఆవిరి తోసే సిలిండర్లు తొలిచాడు. రాగి రేకు వంచి బాయిలరు కట్టాడు, నీళ్ళు నింపి ఒత్తిడి పెట్టి చూశాడు, చెమట చుక్కంత తడి కూడా బయటికి రాలేదు. చివరికి చక్రాలను కలిపే కడ్డీలు రెండూ బిగించి, చట్రాన్ని పట్టాల ముక్క మీద పెట్టి చేత్తో తోశాడు. హాయిగా కదిలింది. కదిలి, ఒకచోట పట్టుకుంది. కాస్త గట్టిగా తోస్తే 'టక్' మని వదిలింది. మళ్ళీ ఒక చుట్టు, మళ్ళీ అక్కడే.

మన్సూర్‌కు వెంటనే తెలిసిపోయింది. మూలమట్టం పెట్టి చూశాడు. నడిమి ఇరుసు కుడి చక్రం పిన్ను వెంట్రుకవాసి ముందుకుంది. ఎన్ని వెంట్రుకలో చూడలేదు. చూడబుద్ధి కాలేదు. ఒళ్ళు కాలిపోతున్న పిల్ల, కళ్ళు తిరుగుతూ ఆ చక్రాన్ని పట్టుకుని నిలబడిన దృశ్యం కళ్ళముందు నిలిచి, మూలమట్టం పక్కన పడేశాడు.

ఉన్న సంగతి రావుకు చెప్పాడు. "నడిమి ఇరుసు జరంత తప్పింది రావుగారు. పూటంత పని. విప్పి మల్ల ఎక్కిస్తె ఇంజను పువ్వు లెక్క నడుస్తది."

"ఏది, ఎక్కడ ఆగుతుంది?"

మన్సూర్ ఆయన చెయ్యి పట్టుకుని చట్రం మీద పెట్టాడు. రావు మెల్లగా తోశాడు. పట్టుకుంది. ఆయన అక్కడే చెయ్యి అలా ఉంచేశాడు.

"ఇక్కడ జ్వరమొచ్చింది దానికి" అన్నాడు. "విప్పొద్దు."

ఆ రోజు నుంచి అది ఆయనకు నిత్యపూజ అయింది. పొద్దున చేను చూసుకుని షాపుకు వచ్చేవాడు. బల్ల ముందు కూర్చుని చట్రాన్ని ముందుకు తోసేవాడు. ఆగినచోట ఆగేవాడు. వదిలించి మళ్ళీ తోసేవాడు. షాపులోకి ఎవరొచ్చారో, ఎవరు పలకరించారో ఆయనకు పట్టేది కాదు. కొన్నాళ్ళకు చేను చూడ్డం కూడా మానేసి నేరుగా వచ్చేవాడు. కోతకొచ్చిన మిరప చెట్టుమీదే తాలయిపోయింది. మన్సూర్ లేత్ మీద పని చేస్తున్నాడన్న మాటే గానీ, చెవి ఆ 'టక్' మీదే ఉండేది. వినీ వినీ ఆ చప్పుడు అతని ఎముకల్లోకి దిగింది.

సంవత్సరీకం దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం సీతారావమ్మ వచ్చింది. షాపులోకి కాదు, వెనక ఇంట్లోకి. మన్సూర్ భార్య మలికా చాప వేసింది. సీతారావమ్మ కూర్చోలేదు.

"అన్నా, ఆయన అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలో పెట్టుకుని ఆగిపోతున్నాడు. మెట్లెక్కుతూ నడిమిన నిలబడిపోతున్నాడు. అడిగితే 'ఇక్కడే' అంటాడు. నాకు భయమేస్తోంది. ఆ బండి ఆగినంతకాలం ఈ మనిషి కదలడు. దాన్ని తిరిగేట్టు చెయ్యి. నీకు దణ్ణం పెడతా."

"విప్పొద్దన్నడు గద, చెల్లెమ్మా. మాటిచ్చిన."

"కూతురు పోయింది. మనిషన్నా మిగలొద్దా నాకు? ఆయనకు చెప్పొద్దు. తిరగడం చూస్తే ఆయనే సంతోషిస్తాడు."

మన్సూర్ మలికా వైపు చూశాడు. మలికా కళ్ళు తుడుచుకుంటోంది. ఇద్దరు ఆడవాళ్ళ కన్నీళ్ళ ముందు మాట నిలబెట్టుకోగల మొనగాడు ఇంకా పుట్టలేదు.

శుక్రవారం రావు ఇంటికి పోయి, నమాజు కూడా అయ్యాక షాపు రేకులు సగం దించి పనికి కూర్చున్నాడు. కడ్డీలు తీశాడు. నడిమి ఇరుసును చట్రం నుంచి దించాడు. అలవాటుగా చెయ్యి సూది మీదికి పోయింది. సూది మొన చక్రం మీద ఆనింది కూడా.

అక్కడ ఆగాడు. గీత ఎందుకు పెడతాం? తిరిగి ఆ చోటికే రావడానికి. ఇది తప్పు చోటు. తప్పు చోటికి తిరిగి రావలసిన పనేముంది? పైగా గీత పెడితే రావు కంటపడుతుంది, విప్పిన సంగతి బయటపడుతుంది. సూదిని దాని చోట పెట్టేశాడు. బతుకంతా ఊరికి చెప్పిన చట్టాన్ని తన చేత్తో తానే పక్కన పెట్టాడు. కంచే చేను మేయడమంటే ఇదే. కానీ ఆ క్షణాన అతనికి అలా తోచలేదు.

ప్రెస్సు కింద పెట్టి నొక్కితే చక్రం కీచుమంటూ ఇరుసును వదిలింది. మూలమట్టం పెట్టి, భూతద్దంతో చూసి, మళ్ళీ ఎక్కించాడు. బిగించి తోశాడు. చట్రం పట్టాల ఈ కొస నుంచి ఆ కొసకు నూనె జారినట్టు జారిపోయింది. మన్సూర్ మొహం విప్పారింది. పనివాడి సంతోషం పాపిష్టిది. పని కుదిరిందంటే ఎవరి కొంప కూలుతోందో చూడదు.

ఆ వారమంతా రావును చెయ్యి పెట్టనివ్వలేదు. చక్రాలకు నల్ల రంగు వేసి, "రంగు పచ్చిగున్నది, ముట్టకుండ్రి" అన్నాడు. రావు కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, దూరం నుంచే చూసి వెళ్ళేవాడు.

సంవత్సరీకం నాడు పూజా భోజనాలూ అయ్యాక, మిరపకాయలు ఎండబోసే కల్లంలో చుట్టాలంతా గుమిగూడారు. మన్సూర్ ముందే పట్టాలు పరిచి ఉంచాడు. కొత్తగూడెం బొగ్గు చితక్కొట్టి పొయ్యిలో వేశాడు. కాసేపటికి ఒత్తిడి చూపే ముల్లు పైకి లేచింది. ఇంజను సన్నగా మూలగడం మొదలుపెట్టింది. మన్సూర్ కూత తీగ లాగాడు.

కూత విని వెంకటరామారావు ఉలిక్కిపడ్డాడు. ఏడాదిలో ఆయన మొహంలోకి నెత్తురు రావడం అదే మొదలు. ఆవిరి వదలగానే ఇంజను చఫ్ చఫ్ మంటూ కదిలింది. పట్టాల కొసదాకా పోయింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ పోయింది. ఎక్కడా ఆగలేదు. చుట్టాలు చప్పట్లు కొట్టారు. సీతారావమ్మ విస్తళ్ళ కట్ట చంకలో పెట్టుకుని, కొంగు నోటికి అడ్డంపెట్టుకుని ఏడుస్తూ నవ్వింది.

"ఆపు" అన్నాడు రావు.

మన్సూర్ ఆవిరి కట్టేశాడు. రావు పట్టాల పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. భుజం మీది తువ్వాలు చేతికి చుట్టుకుని ఇంజనును తోశాడు. వెళ్ళిపోయింది. వెనక్కి లాక్కున్నాడు. మళ్ళీ తోశాడు. చీకట్లో అగ్గిపెట్టె కోసం గూడు తడిమే మనిషిలా, ముందుకూ వెనక్కూ, ముందుకూ వెనక్కూ. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"మన్సూర్, ఆగట్లేదేంటి?"

"ఆవిరికి... సర్దుకున్నట్టున్నది రావుగారు."

"విప్పావా?"

సీతారావమ్మ చంకలోంచి విస్తళ్ళు జారి పడ్డాయి. మన్సూర్ ఆమె వైపు చూడలేదు. చూస్తే ఆయనా అటే చూస్తాడు.

"విప్పిన."

రావు అరవలేదు. తిడితే బాగుండుననిపించింది మన్సూర్‌కు. ఆయన చాలా మామూలుగా, పిల్లలను హోంవర్కు సంగతి అడిగినట్టు అడిగాడు.

"గీత పెట్టావా?"

 ఊళ్ళో మన్సూర్ ఎంతమందిని ఎన్నిసార్లు అడిగిన ప్రశ్న అది! ఒక్కడికైనా ఇంతగా గుచ్చుకుని ఉంటుందా?

"పెట్టలే."

"మా ఇంట్లో కుక్కరు పిడికి కూడా గీత పెట్టిందయ్యా అది. 'చాచా చెప్పాడు నాన్నా, గీత లేకుండా విప్పకూడదు' అనేది."

చుట్టాలు ఎటో చూస్తున్నారు. రావు లేచి మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు.

"మళ్ళీ ఎలా ఉండేదో అలా పెట్టు" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఎలా ఉండేదో అలా! మన్సూర్ ఇంజనును షాపుకు తెచ్చి, నడిమి ఇరుసును మళ్ళీ దించి, ఎదురుగా కూర్చున్నాడు. వెంట్రుకలో పదోవంతు కోయమంటే కోసే చెయ్యి అది. కానీ కొలత చెప్పాలి గదా! సరైనదానికి కొలత ఒకటే, ఎప్పుడు అడిగినా దొరుకుతుంది. ఆ పిల్ల తప్పుకు కొలత ఆ పిల్ల దగ్గరే ఉండేది. తరవాత ఆ ఇరుసు దగ్గర ఉండేది. ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. సూదితో ఒక్క గీత గీకి ఉంటే చాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు సూదిని చేతిలోంచి దించలేకపోయాడు.

పిన్నును అంచనాగా ముందుకు జరిపి ఎక్కించాడు. తోశాడు. 'టక్' మంది. ఆశగా రావుకు కబురు పెట్టాడు.

రావు వచ్చి కళ్ళు మూసుకుని తోశాడు.

"కాదు. ఇది గట్టిగా పట్టుకుంటోంది. అది పట్టుకుని వదిలేది, జ్వరంలో చెయ్యి పట్టుకుని వదిలేస్తుంది చూడు, అట్లా."

విప్పాడు. జరిపాడు. ఎక్కించాడు.

"కాదు. చోటు వేరు."

విప్పాడు. ఎక్కించాడు.

"ఇది కాదు, మన్సూర్."

రావు గొంతులో ఒక్కనాడూ కోపం లేదు. సంతలో తప్పిపోయిన పిల్ల కోసం ప్రతి పిల్ల మొహమూ చూసి, కాదని తల తిప్పుకునే తండ్రి గొంతు అది. మన్సూర్ ఆ గొంతు విన్న ప్రతిసారీ ఉదయశ్రీ మళ్ళీ ఒకసారి పోయినట్టుండేది. ఒకసారి జ్వరం చంపింది. మిగతాసార్లన్నీ తాను చంపుతున్నాడు. ఈ మాట ఎవరితోనూ అనలేకపోయాడు. సీతారావమ్మ వచ్చి మలికా ముందు తల బాదుకుని ఏడ్చింది, ఆయనకు నిజం చెప్పేస్తానంది. "వద్దు చెల్లెమ్మా" అని మన్సూర్ గుమ్మంలోంచే అన్నాడు. "ఆ ఇంట్ల మీరిద్దరే మిగిలిన్రు. మీ నడుమ గిది పెట్టుకోకుండ్రి. నా దగ్గరుండనీ."

షాపు పని అటకెక్కింది. బోరు మోటార్లు విప్పినవి విప్పినట్టే పడున్నాయి. మలికా ఒకరోజు చాయ్ గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టింది.

"ఇది పనా? మీకు మీరే సజా వేసుకుంటున్నరు. పోయిన పిల్ల చెయ్యి మీ చేతికి ఎట్ల వస్తది?"

మన్సూర్ ఆ గ్లాసును పక్కకు జరిపాడు. ఆమె అన్నది నిజమని అతనికి తెలుసు. ఇంకో నిజం కూడా తెలుసు, అది ఆమెకు తెలియదు. చక్రాన్ని నొక్కి ఎక్కించిన ప్రతిసారీ, నొక్కి తీసిన ప్రతిసారీ, దాని బొక్క లోపలి ఇనుము కొంచెం కొంచెంగా రాసుకుపోతుంది. మొదట్లో కీచుమని అరిచిన చక్రం ఈమధ్య మూలుగు కూడా లేకుండా ఎక్కుతోంది. ఇలా ఎంతోకాలం సాగదు. సాగదని తెలిసీ విప్పుతున్నాడు. మానేసే ధైర్యం లేక విప్పుతున్నాడు.

మరుసటి ఏడు మళ్ళీ వానలు పట్టాయి. గోదావరి ఎర్రబడింది. ఊళ్ళో మళ్ళీ జ్వరాలు మొదలయ్యాయి. అలాంటి ముసురు రోజున, గొడుగు కూడా లేకుండా రావు వచ్చాడు. మన్సూర్ అప్పుడే ఇరుసును బిగించి, ఒకే ఒక్కసారి తోసి చూసుకున్నాడు. పట్టుకుని వదిలింది. ఇదే కావచ్చునని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఇదివరకూ అలాగే అనిపించింది గనుక ఏమీ అనకుండా పక్కకు జరిగాడు.

రావు తడి చేతులు పంచెకు తుడుచుకుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మెల్లగా తోశాడు. కొసదాకా తోశాడు, వెనక్కి తెచ్చాడు, మళ్ళీ తోశాడు. వాన రేకుల మీద హోరున కొడుతోంది, చక్రాల చప్పుడు మన్సూర్‌కు వినపడలేదు. రావు మొహమే చూస్తూ నిలబడ్డాడు. ఆ మొహం కాసేపటికి వణికింది. మూసిన రెప్పల కింది నుంచి నీళ్ళు కారాయి.

"ఇదే" అన్నాడు.

"రావుగారు?"

"ఇదే, మన్సూర్. దొరికింది. ఇదే చోటు."

లేచి మన్సూర్ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏడాదికి పైగా ఒకే గదిలో కూర్చున్న ఇద్దరిలో రావు తానుగా చెయ్యి చాచడం అదే మొదలు.

"ఇంక విప్పకు" అని, వానలోనే ఇంటికి వెళ్ళిపోయాడు.

మన్సూర్ స్టూలు మీద కూలబడి చాలాసేపు ఏడ్చాడు. మలికా వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే ఆమె చేతికి మొహం ఆనించి ఏడ్చాడు. గుండెల మీంచి రోలు దించినట్టుంది. మలికా లోపలికి వెళ్ళాక, తాను కూడా ఒకసారి ఆ చోటును ముట్టుకోవాలనిపించింది. ఆ పిల్లను పలకరించినట్టు ఉంటుందని. వెళ్ళి చట్రం మీద అరచెయ్యి పెట్టి తోశాడు.

ఆగలేదు.

మళ్ళీ తోశాడు. నూనె జారినట్టు జారిపోయింది. ఎక్కడా పట్టలేదు.

 వంగి చూశాడు. సూది తీసుకున్నాడు. ఇరుసు కొస మీంచి నడిమి చక్రం మీదికి, ఏనాడో పెట్టవలసిన గీత, సన్నగా, నిటారుగా గీకాడు. చట్రాన్ని ఒక్క చుట్టు తోసి మళ్ళీ చూశాడు. ఇరుసు మీది సగం ఒకచోట ఉంది. చక్రం మీది సగం ఇంకోచోట ఉంది. చక్రం ఇరుసు మీద వదులైపోయింది. కడ్డీ బిగుసుకున్న చోటల్లా అది తనంతట తాను జారి దారి ఇస్తోంది. అది ఇక ఎక్కడా ఆగదు.

మరి రావు చేతికి దొరికిందేమిటి? మొదటి తోపులో నిజంగానే ఆ చోటు తగిలి, తగిలిన ఆ తోపులోనే జారిపోయిందా? లేక ఏమీ తగలకపోయినా, తన ముందు నిలబడ్డ ముసలివాడి మొహం చూడలేక, జాలిపడి అబద్ధమాడాడా? అదీ కాకపోతే, ఆగినా ఆగకపోయినా ఒకటేననేంతగా ఆ చెయ్యి మొద్దుబారిందా? మూడింటిలో ఏది నిజమైనా మన్సూర్ తట్టుకోలేడు. అడిగి తెలుసుకుందామంటే, రావు మర్నాడు షాపుకు రాలేదు. ఆ తరవాతా రాలేదు. చేను కౌలుకిచ్చి, పగలంతా వరండాలో, గీత పెట్టిన కుర్చీలో కూర్చుంటున్నాడని మలికా చెప్పింది.

కొత్త ఇరుసు తిప్పి, అరిగిన చక్రం బొక్కలో కొత్త ఇనుప తొడుగు వేసి బిగించడం మన్సూర్‌కు పూటంత పని. అందుకోసం ఉక్కు కడ్డీ కూడా కోసి పెట్టాడు. అది బల్ల మీద తుప్పు పడుతోంది. ఇంజను గోనెపట్టా కింద ఉంది. ఒక్కోరోజు పట్టా ఎత్తి, విడిపోయిన ఆ గీతను చూసి, మళ్ళీ కప్పేస్తాడు. విప్పొద్దన్నాడు గదా ఆయన. ఈసారైనా ఆ మాట వినాలి.